కాగితం తూచి నక్షత్రం వేడి కట్టిన రోజులు

పోయిన ఏడు మా పాత డిపార్టుమెంటు వాళ్ళు, కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులతో కాసేపు మాట్లాడమని పిలిచారు. మాటల మధ్య ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మీరు ప్లానెటరీ నెబ్యులాల మీద పనిచేసిన్రు కదా. అంటే గ్రహాల గురించేనా?" అని అడిగింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

"నవ్వకండి. చేరకముందు నేను కూడ అట్లనే అనుకున్న" అన్నాను.

ఆ రోజు గంటసేపు మాట్లాడాను గానీ, చెప్పాల్సింది చెప్పలేదనే అనిపించింది. ఏ ఏట ఏ ఉద్యోగం, ఎన్ని పేపర్లు, ఏ కమిటీలు అని ఏకరువు పెట్టి వచ్చాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు వాటితో పనిలేదు. ఈ పని లోపల ఎట్లా ఉండేదో, నేనెక్కడ తప్పు చేశానో, ఎవరి పుణ్యాన బయటపడ్డానో ఇక్కడ రాస్తున్నాను.

పేరే పొరపాటు

హనుమకొండ చౌరస్తా దగ్గరి సందులో మాది ఇత్తడి సామాన్ల దుకాణం. బాపు పొద్దంతా గంగాళాలు, బిందెలు తూచి అమ్మేవాడు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ అయ్యాక, డెబ్బై నాలుగులో, ఇక్కడి డిపార్టుమెంటులోనే రీసెర్చ్ అసిస్టెంటుగా చేరాను. మా ప్రొఫెసర్ వాసుదేవరావు గారు. నక్షత్రాల మీద పనిచేసేవాళ్ళు మా ఊళ్ళో ఆయనొక్కరే.

చేరిన వారానికి బాపు దుకాణంలో కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఏం పని బిడ్డా అది?"

"నక్షత్రం ముసలిదైనంక పైపొరలు ఊడిపోతయి బాపు. ఆ ఊడిన గాలి చుట్టూత గుండ్రంగ కమ్ముకుంటది. నడుమ నక్షత్రం బొడ్డు మాత్రం మిగులుతది. ఆ గాలిని, ఆ బొడ్డును చూసుడే మా పని."

"మరి గ్రహం అని పేరెందుకు?"

నాకు తెలియదు. సార్‌ను అడిగి వచ్చి చెప్పాను. రెండు వందల ఏండ్ల కింద చిన్న దుర్బిణీలలో చూసినవాళ్ళకు ఇవి గ్రహంలా గుండ్రంగా, పచ్చగా కనిపించాయట. ఆ పేరే నిలిచిపోయింది. గ్రహానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

"అంటే ఆ చుక్క చచ్చిపోతాందా?" అన్నాడు బాపు.

"పోతాంది. కాని పోయే ముందట మస్తు వేడిగుంటది. ఆ వేడి ఎంతనో కనుక్కోవాలె."

"గందుల ఏమున్నది? కొలిమికాడ ఇత్తడి రంగు చూసి వేడి చెప్తరు. ఎర్రగుంటె ఇంత, తెల్లగైతె ఇంత. చుక్క రంగు చూసి చెప్పరాదా?"

ఇంత సూటి ప్రశ్న ఆ తర్వాత చాలా సెమినార్లలో కూడా నాకు ఎదురుకాలేదు. మామూలు నక్షత్రాలకు రంగు చూసే చెప్పవచ్చు. కానీ వేడి ఒక హద్దు దాటితే ఇక రంగు మారదు. ముప్పై వేల డిగ్రీల నక్షత్రమూ, లక్ష డిగ్రీల నక్షత్రమూ కంటికి ఒకే నీలితెలుపు. ఎక్కువ వేడి అంతా మన కంటికి అందని అతినీల కిరణాల్లో పోతుంది. అందుకే నక్షత్రాన్ని వదిలి దాని చుట్టూ ఉన్న వాయువును అడుగుతాం. ఆ కిరణాలను మింగి, మనకు కనిపించే వెలుగుగా తిరిగి ఇచ్చేది ఆ వాయువే.

బాపు అంతా విని, "అంటే కొలిమిని చూడకుంట, కొలిమి కాడ కూసున్నోని ముఖం చూసి చెప్తరన్నట్టు" అన్నాడు. తర్వాత ముప్పై ఏండ్లు నా క్లాసుల్లో ఇదే మాట వాడుకున్నాను, బాపు పేరు చెప్పి.

కత్తెర, త్రాసు

టెలిస్కోపు మా ఊళ్ళో లేదు. హైదరాబాదు దాటి కొంత దూరంలో ఒక అబ్జర్వేటరీ ఉండేది. అక్కడ హమీద్ సాబ్ అనే పెద్దాయన, ఏండ్ల తరబడి రాత్రి డ్యూటీలో, గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసేవారు. టెలిస్కోపుకు స్పెక్ట్రోగ్రాఫ్ తగిలిస్తే నెబ్యులా వెలుగు విడిపోయి ప్లేటు మీద సన్నని నల్లటి గీతలుగా పడుతుంది. ఒక్కో గీత ఒక్కో మూలకానిది.

నన్ను రాత్రి డ్యూటీకి పంపేవారు కాదు. "ఆడపిల్లవు, అంత దూరం ఎందుకమ్మా, నీ మంచికే చెప్తున్నా" అనేవారు సార్. ఆయన మంచివాడు, కానీ ఈ విషయంలో ఆయనది తప్పేనని ఇప్పటికీ అంటాను. పగటిపూట బస్సులో వెళ్ళి, అక్కడి మిషన్ మీద ప్లేట్ల నలుపును పొడుగాటి కాగితం మీద అలలుగా గీయించుకుని సాయంత్రానికి బయలుదేరి వచ్చేదాన్ని. నెబ్యులాల మీద ఆరేండ్లు పనిచేశాను, ఒక్క నెబ్యులాను కంటితో చూడకుండా.

ఇంటికి తెచ్చిన ఆ అలలతో అసలు పని మొదలయ్యేది. ప్లేటు నలుపు, వెలుగుకు సరిసమానంగా పెరగదు. అందుకని పట్టిక చూసుకుంటూ ప్రతి గీతనూ గ్రాఫ్ కాగితం మీద మళ్ళీ వెలుగు లెక్కలో గీయాలి. అప్పుడు ఒక్కో గీత ఒక చిన్న గుట్టలా వస్తుంది. ఆ గుట్ట వైశాల్యమే ఆ గీత బలం. ఇప్పుడు కంప్యూటరు కన్ను మూసి తెరిచేలోపు చెప్పేస్తుంది. అప్పుడు మేము ఆ గుట్టను కత్తెరతో కత్తిరించి తూచేవాళ్ళం. ఒకే కట్టలోని కాగితం కాబట్టి, బరువు ఎంత ఎక్కువైతే వైశాల్యం అంత ఎక్కువ. నవ్వులాట కాదు, చాలా దేశాల్లో అట్లాగే చేసేవారు.

మిల్లీగ్రాములు తూచే త్రాసు మా దగ్గర లేదు, కెమిస్ట్రీ వాళ్ళ దగ్గర ఉంది. ఆ త్రాసుల గదిని చూసుకునేది కొమురయ్య. ఖిలా వరంగల్ మనిషి, యాభై దాటినవాడు, చదివింది నాలుగో తరగతి. గదిలోకి ఎవరొచ్చినా చెప్పులు బయట విప్పాలి, రిజిస్టరులో తేదీ, పేరు, ఏం తూచారో రాయాలి. హెడ్డు వచ్చినా ఇదే రూలు. నేను ఆయన్ని కాక అనేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవాడు. మూడేండ్లు ఆ గదికి పోయాను. ఆ కాగితం ముక్కలు దేనికోసమో ఒక్కరోజు కూడా ఆయనకు చెప్పలేదు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

జంట గీతలు

నా మొదటి తప్పు చిన్నది, త్వరగానే దొరికింది. నెబ్యులా స్పెక్ట్రంలో అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించేవి ఆక్సిజన్ ఆకుపచ్చ గీతలు రెండు, పక్కపక్కనే ఉంటాయి. వీటిలో పెద్దది చిన్నదానికి దాదాపు మూడు రెట్లు. ఏ నెబ్యులా అయినా, ఎంత వేడిగా ఉన్నా, ఇది మారదు. పరమాణువు కట్టుబాటు అది.

నేను మొదటి ఆరు ప్లేట్లు కొలిచి, లెక్కలు అందంగా పట్టికలో రాసి సార్ ముందు పెట్టాను. ఆయన మిగతావేవీ చూడలేదు. ఆ రెండు అంకెల మీద వేలు పెట్టి, "ఎంత వచ్చింది?" అన్నారు.

"రెండుంబావు సార్."

"ఎంత రావాలి?"

"మూడు సార్."

"అయితే ఇక్కడ తప్పుచేసింది నెబ్యులానా, నువ్వా?"

పెద్ద గీత పడ్డచోట ప్లేటు నల్లబడగలిగినంత నల్లబడిపోయింది. ఆపైన ఎంత వెలుగు పడినా ఇక అది చూపించలేదు. నేను చూసుకోలేదు. తక్కువసేపు తెరిచిన ప్లేటు తీసుకుని పెద్ద గీతను దాంట్లో కొలవమన్నారు. కొలిచాను, మూడుకు దగ్గరగా వచ్చింది.

అప్పటి నుంచి ప్రతి ప్లేటుకూ ముందు జంట గీతలు చూసేదాన్ని. మూడు వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే అనుకునేదాన్ని. మంచి సాక్షి దొరికిందని ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే తర్వాత మమ్మల్ని ముంచింది.

వేడెక్కుతున్న నక్షత్రం

మిథున రాశిలో ఒక నెబ్యులా ఉంది. పదేండ్ల కింద హమీద్ సాబ్ తీసిన దాని ప్లేట్లు అబ్జర్వేటరీ బీరువాలో ఉండేవి. డెబ్బై ఏడు చలికాలంలో ఆయనే, అదే టెలిస్కోపుతో, మళ్ళీ తొమ్మిది ప్లేట్లు తీశారు. పాతవాటినీ కొత్తవాటినీ పోల్చాలన్నది సార్ ఆలోచన.

పోల్చేది రెండు గీతలను. ఒకటి హైడ్రోజన్‌ది, రెండోది హీలియంది. హీలియం పరమాణువు నుంచి ఎలక్ట్రాన్లు రెండూ ఊడిరావాలంటే నడిమి నక్షత్రం విపరీతమైన వేడిగా ఉండాలి. కాబట్టి హైడ్రోజన్‌తో పోలిస్తే హీలియం గీత ఎంత బలమైతే, నక్షత్రం అంత వేడి.

ఎండాకాలంలో కూర్చుని పాత ప్లేట్లవి రెండు గీతలూ కత్తిరించి తూచాను. కొత్త ప్లేట్లవి హైడ్రోజన్, ఆక్సిజన్ గీతలు కూడా మే నెలలోనే అయిపోయాయి. కొత్త ప్లేట్ల హీలియం ఒక్కటే మిగిలింది. అంతలో నాకు పచ్చకామెర్లు వచ్చాయి. నెలన్నర మంచం మీదే ఉన్నాను. కోలుకుని జూలై చివర మళ్ళీ త్రాసుల గదికి పోయి మిగిలిన తొమ్మిది ముక్కలు తూచాను. బరువులు నోట్‌బుక్కులో వరుసగా రాసుకున్నాను. ఏ రోజు తూచానో మాత్రం రాయలేదు.

లెక్క వేస్తే కొత్త ప్లేట్లన్నిటిలో హీలియం గీత పెరిగింది. ఒక ప్లేటులో పెరిగి ఒకదాంట్లో తగ్గితే కొలతలో లోపం అనుకునేదాన్ని. తొమ్మిదింటిలోనూ ఒకే తీరున, నూటికి ఏడు, ఎనిమిది పాళ్ళు పెరిగింది. జంట గీతలు చూశాను, మూడు సరిగ్గా ఉంది.

సార్ కాగితాలు చేతిలో పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగారు. "వేల ఏండ్లు పట్టే మార్పు ఇది సుగుణమ్మా. పదేండ్లలో మన కళ్ళముందే జరుగుతున్నట్టుంది" అన్నారు. ఇంకొకరితో మళ్ళీ కొలిపిద్దామా అని అడిగాను. "ఎవరున్నారు కొలవడానికి? ఆలస్యం చేస్తే వేరేవాళ్ళు రాసేస్తారు" అన్నారు. నేను గట్టిగా అడగలేదు. నాకూ తొందరగానే ఉండె.

సెప్టెంబరులో ఒక పరిశోధన పత్రికకు పేపరు పంపాం. డిసెంబరులో పుణెలో జరిగే సభలో సార్ ప్రసంగం ఖాయమైంది. ఎట్లా తెలిసిందో గానీ ఒక దినపత్రిక 'వేడెక్కుతున్న నక్షత్రాన్ని పట్టిన వరంగల్ శాస్త్రజ్ఞులు' అని చిన్న వార్త వేసింది. బాపు దాన్ని కత్తిరించి అట్టకు అంటించి దుకాణంలో వేలాడదీశాడు. బిందె కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించి, "మా సుగుణ" అనేవాడు.

"నా త్రాసు అబద్ధమాడదు"

నవంబరు చివర పరిశోధన పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. పేపరు బాగుందని రాశారు. తూకంలో ఎంత తేడా రావచ్చో తెలియడానికి ఒకటి రెండు ముక్కలు మళ్ళీ తూచి పంపమన్నారు. చిన్న పని. హీలియం ముక్కల కవరు తీసుకుని త్రాసుల గదికి పోయాను.

మొదటి ముక్క నోట్‌బుక్కులో రాసుకున్నదాని కన్నా తక్కువ తూగింది. రెండోదీ అంతే. నాలుగు తూచినా అదే.

"కాకా, త్రాసు ఖరాబైనట్టుంది" అన్నాను.

కొమురయ్య ఏదో తుడుస్తున్నవాడు ఆగి నా దిక్కు చూశాడు. "నా త్రాసు అబద్ధమాడదు బిడ్డా" అని, పెట్టెలోంచి చిన్న పట్టకారు లాంటి చిమటాతో తూకపు రాళ్ళు తీసి ఒక్కొక్కటే పెట్టి చూపించాడు. త్రాసు నిజంగానే సరిగ్గా ఉంది.

"మరి కాగితం బరువెట్ల తగ్గింది?"

"ముంగట ఎప్పుడు తూచినవ్?"

నాకు సరిగ్గా గుర్తులేదు. ఆయన రిజిస్టరు తీసి వెనక్కి తిప్పాడు. నా పేరు ఉన్నచోట వేలు పెట్టాడు. జూలై ఆఖరు వారం.

"ముసురు వట్టిన దినాలు గవి. వానకాలం కాగితం నీళ్ళు పీల్తది. బరువుండక ఏంజేస్తది? పిల్లలు వడపోత కాగితాలు తెస్తే, ఓవెన్ల ఎండబెట్టి సల్లారనియ్యంది నేను తూచనియ్య."

"మరి అప్పుడు నాకెందుకు చెప్పలేదు కాకా?"

ఆయనకు కోపం రాలేదు. "నువ్వు కాగితం బరువుతోని లెక్క చేస్తానవని నాకేం ఎర్క బిడ్డా? ఏవో ముక్కలు తెస్తవ్, తూస్తవ్, పోతవ్. ఏదో బొమ్మల పని అనుకున్న. నువ్వు చెప్పలే, నేనడగలే."

మూడేండ్లు. రోజూ ఆయన పక్కనే కూర్చుని తూచాను. ఒక్కరోజు 'కాకా, ఇది ఫలానా' అని చెప్పి ఉంటే, జూలైలోనే చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

ఇప్పుడు అంతా అర్థమైంది. పాత ప్లేట్లవి రెండు గీతలూ మే ఎండల్లో తూచాను. కొత్తవాటి హైడ్రోజనూ అప్పుడే. కొత్తవాటి హీలియం మాత్రం వానల్లో తూచాను. ఆక్సిజన్ గీతలు రెండూ ఒకే రోజు తూచినవి కాబట్టి ఆ సాక్షికి ఏమీ తెలియలేదు. నక్షత్రం వేడెక్కలేదు. కాగితం తడిసింది, అంతే.

కొమురయ్య ఆ సాయంత్రం ఇంటికి పోలేదు. మే నెల ముక్కలు, జూలై ముక్కలు అన్నీ కలిపి ఓవెన్‌లో సన్నటి వేడి మీద పెట్టాడు. తడి పీల్చే నీలం సిలికా గుళికలున్న గాజు పాత్రలో చల్లార్చాడు. ఒక్కొక్కటే తూస్తుంటే తను చదివాడు, నేను రాశాను. ఈసారి తేదీతో సహా. వచ్చిన తేడా అంతా పోయింది. పాత ప్లేట్లు, కొత్త ప్లేట్లు ఒకటే చెప్పాయి.

"మంచిగైందా?" అని అడిగాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన బయటికి పోయి చాయ్ పట్టుకొచ్చాడు.

సార్ ముందట

పుణె ప్రయాణం వారంలో ఉంది. ఆ రాత్రి నాకు వచ్చిన ఆలోచనలు దాచకుండా రాస్తాను, ఎందుకంటే మీకూ వస్తాయి. వాళ్ళు అడిగింది ఒకటి రెండు ముక్కలే. మే నెలలో తూచిన హైడ్రోజన్ ముక్కలు రెండు తూచి పంపితే తేడా తక్కువే కనిపిస్తుంది. ఎవరికీ తెలియదు. నా థీసిస్ ఆ పేపరు మీదే ఉంది. బాపు దుకాణంలో అట్ట వేలాడుతోంది.

పొద్దున్నే రిజిస్టరు అడుక్కుని సార్ గదికి పోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సార్ ముఖం ఎర్రబడింది.

"రెండు తూచమంటే అన్నీ ఎందుకు తూచావు?"

నేను రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాను.

"కాగితం తడి సంగతి ఎవరు చెప్పారు నీకు?"

"కెమిస్ట్రీ కొమురయ్య సార్."

నన్ను వెళ్ళమంటారనుకున్నాను. లేచి, "పద" అన్నారు. త్రాసుల గది ముందు చెప్పులు విప్పి లోపలికొచ్చారు. రిజిస్టరులో పేరు రాశారు. మధ్యాహ్నం దాకా ఆయనే స్వయంగా పద్దెనిమిది ముక్కలు తూచారు. కొమురయ్య పక్కన నిలబడి రెండుసార్లు, "సార్, టేబుల్‌కు ఆనుకోకున్రి" అన్నాడు. సార్ రెండుసార్లూ జరిగారు.

అయిపోయాక నాతో అన్నారు, "నువ్వు ఇంకొకరితో కొలిపిద్దామన్నావు. నేనే వద్దన్నాను. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు." ఆ మధ్యాహ్నమే పోస్టాఫీసుకు పోయి పేపరు వెనక్కి తీసుకుంటున్నామని టెలిగ్రాం ఇచ్చారు.

పుణెకు పోకుండా ఊరుకుంటారనుకున్నాను. పోయారు, నన్నూ తీసుకుపోయారు. కాజీపేటలో రైలెక్కాం. సభలో లేచి, మే బరువులు, జూలై బరువులు రెండూ బోర్డు మీద రాసి, "నక్షత్రంలో మార్పు లేదు, మేము చూసింది మా ఊరి వాన" అన్నారు. హాలంతా నవ్వింది. వెనక వరసలో నేను తల దించుకున్నాను. 'మేము' అన్నారు ఆయన. ఒక్కసారి కూడా 'మా విద్యార్థి' అనలేదు. నవ్వులు ఆగాక ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, తాను పదిహేనేండ్లుగా కాగితం కత్తిరించి తూస్తున్నాననీ, ఎప్పుడూ ఎండబెట్టలేదనీ, ఊరికి పోగానే పాతవి తీసి చూస్తాననీ అన్నాడు. తర్వాతి నెలల్లో కాగితం ఎట్లా ఆరబెట్టాలో అడుగుతూ మాకు ఉత్తరాలు వచ్చాయి. కొమురయ్య చెప్తే నేను రాసి పంపాను.

సార్‌తో పనిచేసిన పదకొండేండ్లలో ఆయన తొందరపాటు, మొండితనం రెండూ చూశాను. ఆ ఒక్కరోజు కోసం అవన్నీ ఎప్పుడో మాఫ్ చేశాను.

ఊరికొచ్చాక బాపుకు చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. గిరాకీ లేని వేళ చూసి చెప్పాను. బాపు విని అడిగాడు, "నువ్వే పట్టినవా తప్పు?"

"నేను, కొమురయ్య కాక."

"నువ్వే పోయి చెప్పినవా?"

"చెప్పిన."

బాపు స్టూలెక్కి ఆ అట్ట తీశాడు. "తప్పు తూకం దుకాణంల ఉండొద్దు" అని చింపి పొయ్యిలో వేయమని అమ్మకిచ్చాడు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నా కంచంలో ఇంకో ముద్ద పప్పు తనే వేశాడు.

ఆ తర్వాత

థీసిస్ రెండేండ్లు ఆలస్యమైంది. మళ్ళీ మొదటినుంచీ, ఎండబెట్టిన కాగితంతో, పన్నెండు నెబ్యులాలు కొలిచాను. ఎక్కడా సంచలనం లేదు. పన్నెండు నక్షత్రాల వేడి, ఎంత తేడా ఉండవచ్చో ఆ హద్దులతో సహా రాశాను. ఎనభైలలో ఉపగ్రహాలు పైనుంచి అతినీల కిరణాలను నేరుగా కొలిచినప్పుడు, మా మిథున రాశి నక్షత్రానికి వచ్చిన అంకె నా హద్దుల లోపలే ఉంది. ఆ రోజు నేను ఆ పేపరు పట్టుకుని సార్ ఇంటికి పోయాను. రిటైరై ఉన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

ఎనభై ఒకటికల్లా వెలుగును కాంతి రేణువుల్లా లెక్కపెట్టే యంత్రాలు రావడం మొదలైంది. కత్తెర పని పోయింది. ఇప్పటి పిల్లలకు కాగితం ఉండదు, తడి ఉండదు. కానీ మీ యంత్రం దేన్ని పీల్చుకుంటోందో మీకు తెలియదు. యంత్రం చూసుకునే మనిషికి తెలిసి ఉండవచ్చు. మీరేం చేస్తున్నారో ఆయనకు చెప్పండి. నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే. మిగతావి పుస్తకాల్లో ఉన్నాయి.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కృతజ్ఞతల పేజీ చూసి, "ఈ కొమురయ్య ఏ యూనివర్సిటీ?" అని అడిగారు. చెప్పాను. ఆయన వైవా మధ్యలో ఆపి త్రాసుల గదికి వచ్చి కొమురయ్యకు చెయ్యి కలిపారు. కొమురయ్య ఆయనను కూడా రిజిస్టరులో పేరు రాయమన్నాడు.

థీసిస్ అయిన చలికాలం, నన్ను టెలిస్కోపు దగ్గరికి పంపమని సార్‌ను గట్టిగా అడిగాను. ఈసారి కాదనలేదు. కొమురయ్యనూ తీసుకుపోతానన్నాను. ఇద్దరం బస్సులో పోయాం. హమీద్ సాబ్ అప్పటికి రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. నన్ను చూసి, "ఇన్నేండ్లు నా ప్లేట్లు చూసినవ్ బేటీ, ఇయ్యాల అసలుది చూడు" అన్నారు.

చీకటి పడగానే టెలిస్కోపు మిథున రాశికి తిప్పారు. ప్లేటు పెట్టేముందు కంటితో చూసే గాజు తగిలించారు. నేను కొమురయ్యను ముందు చూడమన్నాను. ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ఒక కన్ను మూసి వంగాడు.

"అవుపడ్తాందా కాకా?"

"ఆగు." కాసేపు కదలలేదు. "పచ్చగ... బఠానీ గింజంత. నడుమ చుక్క. గిదేనా?"

"గదే."

"గింత దానికా మనం గన్ని కాగితాలు ఎండబెట్టింది" అన్నాడు. కానీ కన్ను తీయలేదు. హమీద్ సాబ్ చేతిలో ప్లేటు పెట్టె పట్టుకుని నిలబడ్డారు. తొందరపెట్టలేదు.

తర్వాత కొమురయ్య పక్కకు జరిగి నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు. నేను చూశాను. ఆరేండ్లు గీతలుగా, గుట్టలుగా, మిల్లీగ్రాములుగా తెలిసినది. గుండ్రంగా, నీళ్ళలాంటి పచ్చతనంతో, అంచులు మసకగా ఉంది. నడుమ సన్నటి నక్షత్రం నిలకడగా వెలుగుతోంది.

"నీ వంతు అయినంక మళ్ళొక్కసారి చూడనియ్యి బిడ్డా" అన్నాడు కొమురయ్య వెనకనుంచి.

హమీద్ సాబ్ ప్లేటు పెట్టెను బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. "చూస్కోండ్రి" అన్నారు. "రాత్రి ఇంకా చానా ఉన్నది."